నంబరు ఉంది, పేరు లేదు

దయ్యాలు, శకునాలు అంటూ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. రాజమండ్రిలో ఒక ఆసుపత్రి పాథాలజీ ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా టెక్నీషియన్‌ని. మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కలతోనే రోజంతా పని. మా అత్తగారు గుమ్మంలోనే కాళ్లు కడుక్కుని రమ్మంటే ఆవిడ చాదస్తానికి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం నవ్వు రావడం లేదు.

ముందు మా పని ఎలా సాగుతుందో చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. ఆపరేషన్ థియేటర్ నుంచో, గొట్టం వేసి కడుపులోకి చూసే ఎండోస్కోపీ గది నుంచో ముక్క చిన్న సీసాలో వస్తుంది. రిజిస్టర్లో పేరు ఎక్కించి వరుస నంబరు ఇస్తాం. ముక్కని అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, అంచు మీద ఆ నంబరు పెన్సిల్‌తో రాస్తాం. పెన్నుతో రాస్తే రసాయనాల్లో కరిగిపోతుంది. పేరు రాయం, రాయడానికి చోటు ఉండదు. సాయంత్రం డబ్బీలన్నీ మిషన్లో వేస్తే, తెల్లారేసరికి ముక్కలకి మైనం పట్టి ఉంటుంది. వాటిని పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరిచి రంగు వేస్తే, డాక్టరు గారు మైక్రోస్కోపులో చూసి జబ్బేంటో తేలుస్తారు.

కిందటేడు శ్రావణంలో ఒక సాయంత్రం పదకొండు డబ్బీలు వేశాను. రెండుసార్లు లెక్కపెట్టి మిషన్ పుస్తకంలో రాశాను. పొద్దున్న తీస్తే పన్నెండు ఉన్నాయి.

ఎక్కువ వచ్చిన దాని మీద 2617 అని ఉంది. మేం అప్పటికి 2261 దగ్గర ఉన్నాం. రాసింది నా చెయ్యే. ఏడంకెకి నడుమ అడ్డగీత పెట్టే అలవాటు మా ల్యాబులో నాకొక్కదానికే ఉంది.

పరధ్యానంలో నంబరు తప్పు రాశాననుకున్నాను. స్లైడు చేసి మా పాథాలజిస్టు మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ చూసి తలెత్తారు. కడుపు ముక్క, క్యాన్సర్, అందులోనూ చెడ్డ రకం.

"ఎవరిదమ్మా ఇది? వెతుకు. ఆ మనిషి తనకేం లేదనుకుని తిరుగుతూ ఉంటాడు" అన్నారు.

వెతికాం. రిజిస్టర్లో ఉన్న ప్రతి సీసాకీ ముక్క దొరికింది, ప్రతి ముక్కకీ మనిషి దొరికాడు. ఈ ఒక్కదానికే మనిషి లేడు.

నాకన్నా ఎక్కువ తిరిగింది ప్రకాశం గారు. వార్డుల నుంచి సీసాలు తెచ్చే అటెండరు. రామచంద్రపురం పక్క ఊరు, అక్కడి లూథరన్ చర్చిలో పెద్ద. రోజూ బస్సులో వచ్చేవారు, ఏనాడూ ఆలస్యం లేదు. ఒక సీసా తన చేతుల్లోనే తప్పిపోయిందని ఆయనకి అనుమానం పట్టుకుంది. ఎండోస్కోపీ గది పుస్తకం నెల వెనక్కి తిరగేయించారు. అరచేతిలో 2617 అని రాసుకుని నర్సులందర్నీ అడిగారు. ఆ తిరుగుడులో మధ్యమధ్య ఆగి, జేబులోంచి గ్యాస్ మాత్ర తీసి చప్పరించేవారు.

"పెసరట్లు మానండి ప్రకాశం గారూ, గ్యాస్ అదే పోతుంది" అని నేనే ఆటపట్టించాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా నోటిని నేనే తిట్టుకుంటాను.

ఒక సోమవారం వచ్చి చెప్పారు. "నిన్న చర్చిలో ఆ మనిషి కోసం ప్రార్థన చేయించానండి. పేరేంటని పాస్టరు గారు అడిగారు. పేరు తెలీదు, నంబరే ఉందన్నాను. దేవుడికి తెలుసులెమ్మన్నారండి."

రోజులు గడిచాయి. మేడమ్ ఆ స్లైడుని విడిగా దాచారు. అందరూ మర్చిపోయారు, నేను తప్ప. రిజిస్టర్లో నంబర్లు పెరుగుతుంటే 2617కి ఇంకెన్ని మిగిలాయో లెక్కేసుకునేదాన్ని. 2500 దాటాక ఆ నంబరు ఎవరికీ ఇవ్వకుండా దాటేద్దామని నిశ్చయించుకున్నాను. చేసేది పిచ్చిపని అని నాకు తెలుసు.

ఆరు వారాలకి ఆ రోజు రానే వచ్చింది. పదకొండు గంటలప్పుడు ప్రకాశం గారు సీసాల ట్రేతో వచ్చారు. 2616 వేశాను. తర్వాతి సీసా మీద పేరు చూడకుండానే 2618 అని రాశాను.

"మధ్యలో ఒకటి వదిలేశారండి" అన్నారాయన. వరుస తప్పితే ఆయనకి నచ్చదు. పక్కన నిలబడి చూస్తున్నారు.

నేను కొట్టేసి 2617 అని దిద్దాను. ఏం చెయ్యను, ఇంకేం సాకు చెప్పను? అప్పుడు సీసా మీద పేరు చూశాను.

"అది నాదేనండి. గ్యాస్ ఎంతకీ తగ్గట్లేదని నిన్న గొట్టం వేసి చూశారు" అన్నారు కాస్త సిగ్గుపడుతూ. తర్వాత ఆయన చూపు రిజిస్టరు మీదే ఉండిపోయింది. "ఈ నంబరే కదండీ మనం వెతికింది?"

"నంబర్లదేముందండి, వరసలో ఎవరికో ఒకరికి రావాలి కదా" అన్నాను.

"ఆయ్, అంతే కదండి" అని ఖాళీ ట్రే తీసుకుని వెళ్లిపోయారు.

రెండో రోజు మేడమ్ పాత స్లైడు, కొత్త స్లైడు పక్కపక్కన పెట్టి చూశారు. నన్నూ చూడమన్నారు. రెండింట్లోనూ మూడేసి ముక్కలు. రెండింట్లోనూ నడిమి ముక్క జీడిపప్పులా వంగి ఉంది. ఆయనకి గొట్టం వేసింది ఒక్కసారే. మేడమ్ రిపోర్టులో ఒక్క స్లైడు సంగతే రాశారు.

అప్పటికే జబ్బు కాలేయానికి పాకింది. క్రిస్మస్‌కి వారం ముందు ప్రకాశం గారు పోయారు. ఆరు వారాల ముందే తెలిసినా పెద్ద తేడా ఉండేది కాదని మేడమ్ అంటారు. నిజంగానే అన్నారో, నా మనసు కుదుటపడాలని అన్నారో అడగలేదు.

చివరిసారి వార్డులో చూడబోతే చెయ్యి పట్టుకుని, "నా కోసం నేనే ప్రార్థన చేయించుకున్నానండి" అన్నారు.

ఎక్కువ వచ్చిన ఆ డబ్బీ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. తీసి చూసిన ప్రతిసారీ ఏడుస్తాను. ఆ రాత నాదే. అన్నీ తెలిసి ముందే రాసిన ఆ చెయ్యి, చోటు చాలకపోయినా సరే, పేరు ఎందుకు రాయలేదు?