ఒకటే రాగం, రెండు నడకలు

పాటకు ప్రాణం మాటల్లోనే ఉంటుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎన్ని పాటల మాటలు మర్చిపోలేదు నేను! రాగాన్ని మాత్రం మర్చిపోదామన్నా నావల్ల కాలేదు.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనుకు బతుకమ్మ పాటంటే మా అమ్మే. ఆమె చరణం ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లు చప్పట్లు కొట్టి తిరుగుతూ ‘ఉయ్యాలో’ అని అందుకునేవాళ్లు. పాట కాస్త నెమ్మదించిందా, “అన్నం తినలేదా ఏందే?” అని అందరినీ తిట్టి మళ్లీ పరుగెత్తించేది. బొగ్గుబాయి నుంచి వచ్చిన మా నాన్న, మా బాపు, ఆ తిట్లు వినడానికే బయట నిలబడేవాడని నా అనుమానం.

ఒక ఎండాకాలం బాపు డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. స్నానానికి నీళ్లు తోడమన్నాడు. అమ్మ తోడేలోపే గుండె ఆగి పోయాడు.

మా దిక్కు ఆడవాళ్లు ఊరికే ఏడ్వరు. పోయిన మనిషితో మాట్లాడుతూ, రాగం తీసి ఏడుస్తారు. అమ్మ గొంతుకు తెలిసిన రాగం ఒక్కటే. ఆ బతుకమ్మ రాగాన్నే కిందికి దించి, చరణం చివర సాగదీసి, “సద్ది ఎవలకు కట్టుదు, నీళ్లు ఎవలకు తోడుదు” అని ఏడ్చింది. ఊపిరి కోసం ఆమె ఆగినప్పుడు, పక్క క్వార్టర్ చిన్నమ్మ అలవాటు కొద్దీ ‘ఉయ్యాలో’ అని అందుకుంది. ఆమెతో పాటు ఇంకొందరు. వెంటనే నాలుక కరుచుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ఆ తర్వాత మా లైన్లో ఆ రాగం ఎవరూ ఎత్తలేదు. పండుగకు అమ్మ పూలు తెంపి ఇచ్చేది, పాడేది కాదు. బతిమాలితే, “ఆ పాట ఎత్తుకుంటే మీ బాపు పీనుగే కండ్ల ముందటికి వస్తది. నన్నిడిసిపెట్టుండ్రి” అనేది. తిట్లు కూడా తగ్గిపోయాయి. ఆమె తిట్టని ఇంట్లో ఉండటం నాకు భరించరానిదిగా ఉండేది.

తెలంగాణ కోసం బొగ్గుబాయిలన్నీ ఆగి సమ్మె నడుస్తున్న రోజుల్లో ఆడవాళ్లు సమ్మె టెంటు ముందు, రోడ్డు మీదే బతుకమ్మ ఆడారు. చిన్నమ్మ పాడుతోంది. వచ్చిన పాటలన్నీ అయిపోయి, తెలియకుండానే ఆ రాగంలోకి జారింది, అదీ ఈడ్చుకుంటూ. టెంటు కింద నా పక్కన కూర్చున్న అమ్మ దిగ్గున లేచింది. ఇక వెళ్లిపోతుందనుకున్నాను.

“గట్ల గుంజుతరేందే? తెలంగాణ తెచ్చే పాటనా, పాడె మోసే పాటనా?” అంటూ గుంపులోకి దూరింది.

చరణం చివర సాగదీతను కోసేసింది. గొంతు పైకెత్తింది. చప్పట్లు దగ్గర దగ్గరగా పడ్డాయి. ముందు భయపడ్డవాళ్లే తర్వాత గట్టిగా అందుకున్నారు. రాగం అదే, మలుపులూ అవే. వేగం, ఎత్తు మారేసరికి చిన్నమ్మ నవ్వుతోంది, చూస్తున్న కార్మికులు అడుగులు కలుపుతున్నారు. నాకు మాత్రం ఆ కిందిస్థాయి రాగమే లోపల వినిపించి ఏడుపు ఆగలేదు. అమ్మ చూసింది, పాట ఆపలేదు.

ఇంటికి నడుస్తుంటే భయం భయంగా అడిగాను. “బాపు యాదికొచ్చిండా అమ్మా?”

“ఎందుకు రాడు?” అంది. ఆమె గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. “ఇన్నేండ్ల సంది పీనుగే వచ్చేది. ఇయ్యాల ఆకలైతుందని లొల్లి పెట్టుకుంట వచ్చిండు.”