తిమింగలం క్యారేజీ

మా ఆయనకి తిమింగలం చచ్చినప్పుడే ఆకలేస్తుంది. మామూలు రోజుల్లో గుత్తివంకాయ కూర చేసి పెట్టినా "ఊఁ" అని తిని లేచిపోయే మనిషి, ఒడ్డుకి ఏదో కొట్టుకొచ్చిందని ఫోను వస్తే చాలు, చెప్పులు వెతుక్కుంటూనే కేకేస్తారు.

"కళ్యాణీ, క్యారేజీ కట్టు! పెద్దదే! అన్నం దండిగా పెట్టు!"

నాగదుర్గాప్రసాద్ గారు తిమింగలాలూ డాల్ఫిన్లూ ఎందుకు చస్తున్నాయో పరిశోధించే సైంటిస్టు. కాపురం అమలాపురంలో, మనసు కాట్రేనికోన ఒడ్డున. చచ్చినదాన్ని టేపు పెట్టి కొలుస్తారు, ఓడల ఫ్యాన్లు కోసిన గాయాలు చూస్తారు, పొట్ట కోసి ప్లాస్టిక్ సంచులూ వల ముక్కలూ బయటికి తీస్తారు. ఆ కంపు ఎంత ఉతికినా చొక్కాని వదలదు. అంత కంపులో క్యారేజీ మొత్తం ఖాళీ!

"దాని పొట్టలో ఏముందో అంత శ్రద్ధగా చూస్తారే, పెళ్ళాం తిందో లేదో ఒక్కనాడైనా అడిగేరా?" అన్నాను ఓసారి.

"నువ్వు తిన్నావో లేదో నువ్వే చెబుతావు. అది చెప్పదు కదే, కోసి చూడాలి."

ఒళ్ళు మండదూ? ఆయన ఫోన్లో నా ఫొటో ఒకే ఒక్కటుంది, అదీ ఆధార్ కోసం తీసింది. చచ్చిన తిమింగలాలకి మాత్రం ఎదురుగా, పక్కగా, తోక వైపు నుంచీ ఆల్బములు.

పోనీ, చచ్చినదాని మీద ఏం కుళ్ళుకుంటాంలే అని సరిపెట్టుకుంటుండగా, ఓ రోజు క్యారేజీ తళతళా మెరుస్తూ ఇంటికొచ్చింది. మా ఆయన పుట్టి బుద్ధెరిగి గిన్నె తోమలేదు.

"ఎవరు తోమేరండీ?"

"ఎవరో తోమేర్లే" అని మొహం తిప్పేసుకున్నారు.

ఇంకేముంది! నా వంట తినిపించి గిన్నెలు తోమించుకునేంత చనువు ఎవరితో? మళ్ళీ ఫోను వచ్చేదాకా నాకు నిద్ర లేదు. వచ్చింది. డాల్ఫినట. క్యారేజీ కట్టిచ్చి, వెనకాలే ఆటో ఎక్కేను.

ఒడ్డున ఓ పాక ముందు నా ఆనపకాయ పులుసు గరిటెతో వడ్డిస్తూ మా ఆయన. పక్కన కంచం పట్టుకుని ఒకావిడ!

"ఏవండీ! ఎవరండీ ఈవిడ?"

గరిటె ఇసకలో పడింది. పాక గుమ్మంలో తల పట్టుకు కూర్చున్నాయన లేచి నిలబడ్డాడు.

"నా ఇంటిదండి, దీనమ్మ. నన్ను దానియేలంటారండి. మేం కావాలని పట్టలేదండి అమ్మగారూ. వలలో పడిపోయింది. ఊపిరికి పైకి రాలేక చచ్చిపోయిందండి" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"ఇలాటిది జరిగిన రోజు మేం పొయ్యి ఎలిగించమండి" అంది దీనమ్మ. "ఇదివరకు కేసు పెడతారని గుట్టుగా పాతేసేవోళ్ళం. ఓసారి సారొచ్చి, చావు జరిగిన ఇంటికి అన్నం తేవాలి కదా, ముందు తినండి, వల సంగతి తరవాత చెబుదురు అన్నారండి. అప్పట్నించీ మేమే ఫోన్ చేసి పిలుస్తన్నామండి. ఏ వలైతే ఇయ్యి చిక్కకుండా తప్పించుకుంటయ్యో కూడా సారు చూస్తన్నారు."

"మరి ఈ సంగతి నాకు చెప్పరేం?" అన్నాను ఆయనతో.

"ఎవరి వలో ఎవరికీ చెప్పనని మాటిచ్చేనే."

"ఈయన కూడా ఇక్కడే తింటారా?" అని దీనమ్మనడిగేను.

"సారా? ఆ కంపుకి మంచినీళ్ళు కూడా దిగవండి! ఉత్తినే వడ్డిస్తారు. మా కళ్యాణి చేతి వంట అమలాపురం మొత్తం వెతికినా దొరకదని చెబుతానే ఉంటారండి."

నా కోపం ఎటు పోయిందో! అయినా వదల్లేదు. "ఆ మాట ఇంట్లో అంటే ఏం పోయిందండీ?"

"ఇంట్లో నోరు ఖాళీగా ఉంటేనా?" అన్నారు, ఇసకలోంచి గరిటె తీసి దులుపుతూ.

బయల్దేరుతుంటే దీనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఈసారి ఏదీ చావకుండా రండి అమ్మగారూ. మా ఇంట్లో భోంచేద్దురు."

ఆదివారం వెళ్ళేం. మా ఆయన దీనమ్మ చేపల పులుసు అడిగి అడిగి వేయించుకున్నారు. పైగా నోటినిండా ముద్ద పెట్టుకుని మరీ "అబ్బ, ఏం చేసేవమ్మా!" అన్నారు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.