ఉల్లిగడ్డలకు పోయిన మూకుడు

మా అత్తగారి మూకుడు నేను అమ్ముకున్నానని మా వీధిలో అందరికీ తెలుసు. అది అబద్ధమని మాత్రం నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలిస్తామని మైకు పెట్టుకుని ఆటో వచ్చిన రోజున, దాన్ని గేటు దాకా మోసుకెళ్లి ఇచ్చింది ఆవిడే. అప్పటికి ఆవిడది పాదరసం లాంటి బుర్ర. "ఒక చెవి ఇరిగింది, ఎత్తలేక సస్తున్న, పోనీ" అంది. ఉల్లిగడ్డలు తక్కువ తూచాడని ఆటో అతన్ని నిలబెట్టి దులిపేసింది. ఆ సాయంత్రం ఆ ఉల్లిగడ్డలతోనే పకోడీలు వేసుకున్నాం, కొత్త స్టీలు బాణలిలో. బాగున్నాయని ఇంకో నాలుగు అడిగి వేయించుకుంది కూడా.

తర్వాత మతిమరుపు మొదలైంది. ముందు కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. తర్వాత కొడుకు వయసు మరిచిపోయింది. అశ్వారావుపేట దాటి అడవి మొదలయ్యే చోట ఉంటాం మేము. పామాయిల్ తోట ఇంటి వెనకనుంచే మొదలవుతుంది. ఆవిడ కొన్నిసార్లు ఆ చెట్లను చూసి ఇవెవరు పెట్టారని అడిగేది. అలా ఒక్కొక్కటీ పోతూ ఉంటే, పోయిన మూకుడు మాత్రం ఎక్కడినుంచో వచ్చి ఆవిడ మనసులో కూర్చుంది.

అది బీడు మూకుడు. పోత ఇనుమును మావైపు బీడు అంటాం. పుట్టింటివాళ్లు పెట్టారట. పొద్దున లేవగానే వంటగదిలో గిన్నెలన్నీ కిందికి దించి వెతికేది. స్టీలు బాణలిలో కూర చేస్తే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "సప్పగున్నది" అని కంచం పక్కకు నెట్టేది. మనిషి చిక్కిపోయింది. సత్తుపల్లిలో డాక్టరు చూసి, ఏది ఇష్టమైతే అదే పెట్టమన్నాడు. ఇష్టమైనది ఉల్లిగడ్డలకు పోయిందని ఆయనకేం చెప్పను?

తినకపోవడం ఒక్కటే అయితే ఎలాగో పడేదాన్ని. ఇంటికి ఎవరు వచ్చినా వాళ్ల చెయ్యి పట్టుకుని, "నా తల్లిగారు పెట్టిన మూకుడు మా కోడలు అమ్ముకున్నది" అని చెప్పేది. వచ్చినవాళ్లు, పాపం పెద్దావిడ, అన్నట్టు తల ఊపేవారు. నా వైపు ఒక చూపు చూసి, నేనిచ్చిన టీ తాగి వెళ్లిపోయేవారు. మా ఆయనకు చెబితే, "అమ్మ మాటలు పట్టించుకుంటరా? ఇడిసెయ్" అని బండి తీసుకుని తోటకు పోయేవాడు. తోటకు పోయే మనిషికి విడిచిపెట్టడం తేలికే. ఇంట్లో ఉండేదాన్ని నేను.

నాకు ఒళ్లు మండేది. ఆవిడ మీద జాలి లేక కాదు. దొంగ అనిపించుకుంటూ జాలిపడటం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఒకసారి ఉండబట్టలేక, "మీరే ఇచ్చిన్రు అత్తమ్మా, ఉల్లిగడ్డలకు" అని గట్టిగా అనేశాను. ఆవిడ బిత్తరపోయి నన్ను చూసి ఏడ్చింది. "నేనెందుకిస్త? నాకేమన్న పిచ్చా?" అంది. ఇక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆవిడ మందుల కోసం ఖమ్మం వెళ్లినప్పుడు ఆ షాపు కనిపించింది. ముందంతా స్టీలు సామాను. లోపల ఒక గోడకు లైట్లు పెట్టి, ఊళ్లలో పాత ఇళ్లనుంచి సేకరించిన పెనాలు, మూకుళ్లు, పొంగణాల పెనాలు వరసగా పేర్చి ఉన్నాయి. తుప్పు గీకి, నూనె పట్టించి, మళ్లీ మళ్లీ కాల్చి కొత్త పెళ్లికూతుళ్లను చేసినట్టు చేశారు. మనం ఉల్లిగడ్డలకు ఇచ్చినవన్నీ ఇక్కడికే చేరుతున్నాయని నవ్వొచ్చింది, ధర చూశాక ఆ నవ్వు కాస్తా పోయింది.

"గింత నిగనిగలాడేది వద్దండి. పాతగా కనిపించాలె" అన్నాను.

షాపాయన నన్ను ఎగాదిగా చూశాడు. "అందరు తుప్పు తియ్యమంటరు. మీరు తుప్పు అడుగుతున్నరేంది మేడమ్?"

"ఒక చెవి ఇరిగింది ఉంటే సూడండి."

ఆయన వెనక గదిలోకి వెళ్లి, అమ్మడానికి పనికిరాదని పక్కన పడేసిన ఒకదాన్ని తెచ్చాడు. చెవి ఒకటి సగానికి విరిగి ఉంది. లోపలంతా బాగు చేశారు. చేత్తో ఎత్తి చూశాను, మా అత్తగారి మూకుడంత బరువూ ఉంది. ఇది పెడితే ఆవిడ తింటుంది, నా మీద మాటా పోతుంది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇదే లెక్క వేసుకున్నాను. సత్తుపల్లి దాటాక పామాయిల్ గెలల ట్రాక్టర్లకు దారి ఇస్తూ బస్సు నెమ్మదిగా పోతుంటే, ఎప్పుడు ఇల్లు చేరతానా అని ఆత్రపడ్డాను.

ఆ ఆత్రంలో వారం చూసుకోలేదు.

ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. "అత్తమ్మా, మీ మూకుడు దొరికింది" అని సంచి విప్పబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల శనివారం గదా? శనివారం పూట ఇంట్లకు ఇనుము తెస్తరా ఎవరన్న?"

కొడుకు వయసు తెలియదు, తోట ఎవరిదో తెలియదు, శనివారం మాత్రం తెలుసు. నేను గడపలోనే నిలబడిపోయాను. ఇది కొత్తది కాదు, మీదే, అని నచ్చజెప్పబోయాను.

"నాదైతే ఇంట్ల ఉండాలె గాని బయటినుంచి ఎట్లొస్తది?" అంది.

అప్పుడే తోటనుంచి వచ్చిన మా ఆయన నవ్వు ఆపుకుంటూ మూకుడును బండి మీద పెట్టుకుని తోటలో మోటారు గదిలో పడేసి వచ్చాడు. నాకు నవ్వు రాలేదు. మర్నాటికి ఆవిడ ఈ గొడవంతా మరిచిపోవాలని కోరుకున్నాను. ఒక మనిషి మతి పోవాలని కోరుకోవడం ఏమిటని మళ్లీ నాకే భయమేసింది.

మరిచిపోయింది. ఆదివారం దాన్ని పెరటి దారిన లోపలికి తెచ్చి, మెరుపు పోయేలా బయటంతా బూడిద పూసి, బియ్యం డబ్బా వెనక పాత గోనె కింద పెట్టాను. సోమవారం పొద్దున ఎప్పటిలాగే గిన్నెలు దించుతూ, వెతుకుతూ, ఆవిడ గోనె ఎత్తింది. నేను పొయ్యి దగ్గరే నిలబడి చూస్తున్నాను. ఆవిడ నేల మీద చతికిలబడి మూకుడును ఒళ్లోకి తీసుకుంది. విరిగిన చెవిని బొటనవేలితో తడిమింది. "ఇగో, ఈడనే ఉన్నది" అంది. ముఖమంతా వెలుగు. ఆ ముఖం చూసి ఎన్నాళ్లయిందో.

కడిగి, అందులోనే కాకరకాయ వేపుడు చేశాను. కాస్త మాడాలి ఆవిడకు. అంచుల్లో నల్లబడేదాకా వేయించి, పక్కనే కూర్చుని పెట్టాను. తిన్నది. మారు అన్నం అడిగి తిన్నది. కంచం వేలితో ఊడ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఒక్క మాట మిగిలి ఉంది. పాపం మా కోడలు అమ్ముకోలేదు, అని ఒక్కసారి అంటే చాలు. అనిపించుకోవాలని సిగ్గు లేకుండా అక్కడే కూర్చున్నాను.

ఆవిడ చెయ్యి కడుక్కుని, అటూ ఇటూ చూసి, నా దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది.

"చెల్లె, నీకు దండం పెడత. దీన్ని కొంచెం మీ ఇంట్ల దాసిపెట్టు. మా కోడలు సూసిందంటే ఇది గూడ అమ్ముకుంటది."

ఏ ఇంటి చెల్లెలిననుకుందో తెలియదు. నేనే మీ కోడల్ని అందామని నోరు తెరిచాను. ఆవిడ నిజంగానే రెండు చేతులూ జోడించింది. నా పెళ్లయిన నాటినుంచి ఆవిడ నాకు దండం పెట్టడం నేను చూడలేదు.

"అవ్ అక్కా, దాస్త" అన్నాను.

"జల్దీ పో, అది వస్తది."

మూకుడును చీర కొంగుతో పట్టుకుని లేచాను. నేను వెళ్తున్నానో లేదోనని ఆవిడ గుమ్మందాకా వచ్చి నిలబడింది. గేటు తీసుకుని బయటికి వచ్చి, మా ప్రహరీ గోడ పక్కనే నిలబడ్డాను. ఇంకెక్కడికి పోవాలి? లోపల ఆవిడ గడియ వేసిన చప్పుడైంది. కాసేపటికి వంటగది వైపునుంచి గొంతు వినిపించింది, నన్ను పిలిచే పాత గొంతు.

"ఏమే పిల్లా, యాడికి పోయినవ్? అన్నం తిన్నవా లేదా?"

నేను పలకలేదు. చేతిలో మూకుడు ఉంది.