చూడని చోట లేదని రాయనన్న దీదీ

సెక్టర్ 4 ఇళ్ల సొసైటీ ఆఫీసులో నాతో పనిచేసిన దీదీ, కంప్యూటర్‌లో ఏం వెతికినా ముందు ఎర్రర్లు చదివేది. "చూడని చోట లేదని రాయను" అనేది.

ఓసారి పక్క ఊరు కుమ్హారి నుంచి ఒక పెద్దాయన, ఇంటి కోసం తను పెట్టుకున్న పాత దరఖాస్తు వెతికించుకోడానికి వచ్చాడు. పేరు దొరకలేదు. కానీ కొన్ని ఫైళ్లు చదవడానికి అనుమతే లేదని తెర మీద ఎర్రర్ లైన్లు పడ్డాయి.

"ఆ లైన్లు దాచేసి, లేదని రాసెయ్" అన్నాడు సొసైటీ సెక్రటరీ. రాస్తే పెద్దాయనకు ఇల్లు పోయినట్టే.

నాన్న కొట్టులో పెరిగిన బుద్ధి కదా, నేను బేరం పెట్టాను. "'బహుశా లేదు' అని రాయకూడదేటి, దీదీ?"

"మీ నాన్న బహుశా కిలో తూస్తాడేటి, భయ్యా?"

తెరను పెద్దాయన వైపు తిప్పింది. "బాబాయ్, ఇవి నన్ను చూడనివ్వట్లేదు. తెరిచే పాస్‌వర్డ్ ఈ సెక్రటరీ గారి దగ్గరుంది."

పెద్దాయన కుర్చీ లాక్కుని సెక్రటరీ ఎదురుగా కూర్చున్నాడు.

"తియ్యండి సార్. అందాకా నానెక్కడికీ ఎల్ను."