ఆరో మనిషి జాగా

మా అన్న చనిపోయిన రోజు పొద్దున నేను వాలీబాల్ ఆడాను. చిట్కుల్‌లో మా కిరాయి గదుల వెనక ఖాళీ జాగా ఉంది. అక్కడ గల్లీలవాళ్లు పోటీ పెట్టుకున్నారు. నాకప్పుడు పదిహేడేళ్లు. ఐదో తరగతితో బడి మానేసి, ముత్తంగి గోడౌన్‌లో డబ్బాలు మోస్తున్నాను. నలుగురిలో మాట్లాడాలంటే భయం. ఆ బంతి దగ్గర తప్ప నాకెక్కడా గొంతు వచ్చేది కాదు. అందుకే అన్నను ఒక్కసారి వచ్చి చూడమన్నాను.

అన్న మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ రోజు అన్నది మొదటి షిఫ్ట్.

"డ్యూటీ మార్చుకోరాదె అన్నా," అన్నాను.

మా దగ్గర అందరూ మార్చుకుంటారు. సూపర్‌వైజర్‌కు ఒక మాట చెబితే చాలు. తనతో పనిచేసే ఒడిశా ఆయనతో అన్న మార్చుకున్నాడు. పొద్దున నా ఆట చూశాడు. "మస్తుగ ఆడినవ్‌రా," అన్నాడు. అన్నం తిని రెండింటికి రెండో షిఫ్ట్‌కు వెళ్లాడు. సాయంత్రం అక్కడ రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి.

మార్చుకోమన్నది నేనని ఎవరికీ తెలియదు. అమ్మకు కూడా. అందరూ ఒడిశా ఆయన గురించే మాట్లాడుకున్నారు. "వీడు పోయేదుండె, వాడు పోయిండు," అనేవాళ్లు. నేను ఎదురైతే ఆయన తల దించుకునేవాడు. నేను నోరు తెరవలేదు.

ఆరు నెలలు పనికి పోవడం, వచ్చి పడుకోవడం, అంతే. సాయంత్రం నాలుగున్నరకు గది వెనక బంతి చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడు అన్న నడిచి వస్తున్నట్టుండేది. తలుపు వైపు చూసేవాణ్ణి. చెవుల మీద దిండు పెట్టుకున్నా వినిపించేది.

ఒకరోజు కిటికీలోంచి చూశాను. మావాళ్లు ఐదుగురే ఆడుతున్నారు. మా ఆటలో జాగాలు మారడం ఉండదు, ఎవరి జాగా వారిదే. వెనక కుడి మూల నాది. అది ఖాళీగా ఉంది. అవతలివాళ్లు బంతిని అక్కడికే కొడుతున్నారు.

"ఏందిర, ఆరోది దయ్యం ఆడుతదా?" అని వాళ్లలో ఒకడు నవ్వాడు.

"ఆరోటోడు వస్తడు. నువ్వు ముందుగాల బంతెయ్యి," అన్నాడు మా కెప్టెన్. ఆయన ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మా అందరికంటే పెద్ద.

నా మూల పక్కన, పని మానేసి ఊరికి పోయినవాడి జాగాలో, ఒడిశా ఆయన నిలబడి ఉన్నాడు. ఇంతకుముందు ఎప్పుడూ ఆడనివాడు. నా జాగాలోకి వచ్చిన ప్రతి బంతికీ పరుగెత్తి కింద పడుతున్నాడు. మోచేతులు చెక్కుకుపోయాయి. లేచి మళ్లీ పరుగెత్తుతున్నాడు.

మర్నాడు వెళ్లాను. ఎవరూ ఏమీ అడగలేదు. మొదటి బంతి నాకూ ఒడిశా ఆయనకూ మధ్య పడింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

"ఇద్దరు నోట్లె ఏమన్న పెట్టుకున్నరా? ఎవలు తీస్తరో వాళ్లు ఒర్లుండ్రి," అన్నాడు కెప్టెన్.

మూడో రోజు బంతి రాగానే "నాది" అని అరిచాను. గొంతు పగిలినట్టు వచ్చింది. రోజూ అరవడం అలవాటయ్యాక ఛాతీ మీద బరువు కొంచెం దిగింది. ఆకలి వేసేది. అమ్మ రెండోసారి అన్నం పెట్టి నా వైపు చూసేది. గోడౌన్‌లో సేటు ఊరికే తిడితే, "నేను చెయ్యలే సార్," అని మొదటిసారి అన్నాను. కానీ నేను కుదుటపడేకొద్దీ పక్కనున్న ఆయన ముఖం చూడటం కష్టమైంది. నా తప్పు ఆయన మీద ఉంచి నేను బాగవుతున్నాననిపించేది.

ఒకరోజు ఆట అయ్యాక నేను బోరింగ్ కొడుతున్నాను, ఆయన చేతులు కడుక్కుంటున్నాడు.

"తమ్ముడు, నీకు నా మీద గుస్సా ఉంటది," అన్నాడు. "నేను డ్యూటీ చేంజ్ చెయ్యకపోతే మీ భాయి ఉంటుండె. నాకు నిద్ర రాదు."

బోరింగ్ కొట్టడం ఆపాను. "మార్చుకోమన్నది నేను," అన్నాను. "నా ఆట సూడనీకి. అన్న వద్దన్నడు. నేనే బతిలాడిన."

ఆయన చేతుల మీద సబ్బు నురుగు అలాగే ఉంది.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"భయమైంది."

ఆ సబ్బు చేతులతోనే వెళ్లిపోయాడు. రెండు రోజులు ఆటకు రాలేదు. నాకూ గదిలోనే ఉండిపోవాలనిపించింది. అయినా వెళ్లాను. మూడో రోజు నేను నెట్ కడుతుంటే ఎవరో రెండో కొస పట్టుకున్నారు. చూస్తే ఆయన.

"రాత్రి పండుకున్న," అన్నాడు. "పొద్దుందాక."

"నాకైతే నిద్ర పట్టలే," అన్నాను.

ఆయన తాడు గట్టిగా లాగి ముడేశాడు.

"ఈరోజు అమ్మకు చెప్పు," అన్నాడు. "నేను నీతో వస్త."