లేని బాయిని పూడ్చినం

మా వాడకట్టుల ఎవరికన్నా గాలి సోకిందంటే, ముందు బీపీ చూపించుకోమని చెప్పేది నేనే. సూర్యాపేటల ఒక చిన్న ప్రైవేటు దవాఖానల నర్సుగ చేస్త. మనుషులు పోవుడు కండ్ల ముంగట చూసిన. పోయినోళ్లు మళ్లీ వచ్చుడు ఎన్నడూ చూడలె. దయ్యాలంటే నాకు నవ్వొస్తది. అయినా ఈ ముచ్చట చెప్పేటప్పుడు మాత్రం నవ్వు రాదు.

అప్పుడు మేం కిరాయి ఇంట్ల ఉంటున్నం. మా అత్తమ్మ మంచాన పడ్డది. ఇగ ఎక్కువ రోజులు ఉండదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇంటి ఓనరమ్మ మంచిదే. కానీ ఒకనాడు గడప కాడనే నిలబడి, "ఏమనుకోకు చెల్లె, మా బిడ్డ పెండ్లి పెట్టుకున్నం. పెద్దమ్మకు ఏమన్నా అయితే మాత్రం మా ఇంట్ల ఉంచొద్దు" అన్నది. కిరాయికి ఉండేటోళ్లకు ఈ మాట కొత్త కాదు. సొంతిల్లు లేనోళ్ల పీనుగు రోడ్డు మీద, టెంటు కింద ఉంటది.

అత్తమ్మ ఆ మాట విన్నది. నా చెయ్యి పట్టుకొని, "నన్ను బజార్ల పండవెట్టకు బిడ్డా" అన్నది.

చివ్వెంల దారిల మాకు చిన్న జాగ ఉన్నది. అమ్మినాయన "ఇది మా బాయికాడి జాగ" అని చెప్పిండు. మా తల్లిగారిది కోదాడ, మేం పొలం అంటం. పెండ్లయిన కొత్తల, మామ బాయికాడికి పోయిండంటే నేను బాయి ఎక్కడున్నదని వెతికిన. ఇంటిల్లిపాది పడి పడి నవ్విన్రు. గీడ బాయంటే పొలమని అప్పుడు తెలిసింది. అందుకే అమ్మినాయన ఆ మాటన్నప్పుడు మళ్లీ నవ్వులపాలు ఎందుకని బాయేదని అడగలె. చూస్తే చదును నేల, పల్లేరు తీగలు తప్ప ఏం లేదు.

ఒక్క రూమన్నా వేసుకుందామని మున్సిపల్ ఆఫీసుల పర్మిషన్‌కు పెట్టినం. అది లేకుంటే బ్యాంకోళ్లు లోన్ ఇయ్యరు.

సైటు చూసేటందుకు సారు మిట్టమధ్యాహ్నం వచ్చిండు. టేపు పట్టుకొని నడుసుకుంట జాగ నడుమకు రాంగనే ఆగిండు. గుండ్రంగ పక్కకెల్లి తిరిగి అవతలికి పోయిండు. "ముందు బాయి పూడ్పియ్యండ్రమ్మా, తర్వాత పర్మిషన్" అన్నడు. ఏ బాయి సారూ అంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. లంచం కోసం ఆడే నాటకమనుకున్న. మా ఆయన చాటుకు పిలిచి ఏదో ఇయ్యబోతే, "నీ పైసలు తీస్కపోయి గా బాయిల వెయ్యి" అని బండెక్కి పోయిండు. నాకు ఒళ్లు మండిపోయింది.

కొన్నాళ్లకు ఆయన మిర్యాలగూడకు బదిలీ అయిండు. పీడ పోయిందనుకొని దరఖాస్తు మొదటికెల్లి కొత్తగ పెట్టినం. ఈసారి ఒక మేడం వచ్చింది, వేరే జిల్లా ఆమె. మా ఆయన కావాలనే సరిగ్గ ఆ నడుమల పోయి నిలబడ్డడు. మేడం ఉరికొచ్చి ఆయన రెక్క పట్టి గుంజింది. "జర ఇటు రాండ్రి అన్నా, పడ్తరు" అన్నది. జాగ అంచుకు తెచ్చినంకనే రెక్క ఇడిచింది. అది నాటకం కాదు.

అమ్మినాయన దగ్గరికి ఉరికినం. "మా తాతల నాటి నుంచి గాడ బాయి లేదు, పొలాన్నే బాయంటం గదా" అని పిల్లల మీద ఒట్టేసిండు. ఉన్న బాయినైతే పూడుస్తం. లేనిదాన్ని ఎట్ల పూడ్చుడు? ఓనరమ్మ ఇంటికి సున్నాలేసుడు మొదలైంది. అత్తమ్మ గంజి కూడ మింగుతలేదు. ఇటు ఆమె, అటు ఆఫీసు, నడుమ మేం నలిగిపోయినం.

ఆఖరుకు అత్తమ్మనే తొవ్వ చెప్పింది. "లేకుంటేంది, పూడ్పియ్. వాళ్లకు అవుపడకుంట అయితే సాలు."

ట్రాక్టరు మొరం చెప్పినం. డ్రైవరు "ఎక్కడ పొయ్యాలె అక్కా?" అంటే, ఆ చదును నేల చూపించనీకి సిగ్గనిపించింది. నడుమల కుప్ప పోసి పోయిండు. తెల్లారి పోయి చూస్తే కుప్ప లేదు. ఎవరన్నా ఎత్తుకపోయిన్రు అనుకుందామంటే, ఆ నేల మీద ఎర్రమట్టి రవ్వ కూడ లేదు. పల్లేరు తీగలు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి. మళ్లీ పోయించినం. మళ్లీ మాయం. డ్రైవరు ఇంక రానన్నడు, బతిమాలి పిలిచినం. ఆఖరుకు ఒకనాడు పొద్దున పోతే కుప్ప కుప్పలెక్కనే ఉన్నది. దాన్ని చూసి నేను ఏడ్చిన.

చదును చేయించి మేడంను పిలిచినం. ఆమె నడుమకెల్లి సక్కగ నడిచిపోయింది. "పూడ్చిండ్రు గదా, ఇగ పరేషాన్ లేదు" అన్నది. పర్మిషన్ వచ్చింది.

ఆ పూడ్చిన నడుమలనే రేకుల రూము వేసినం. కిటికీలు పెట్టకముందే అత్తమ్మను తెచ్చుకొని రూము నడుమ మంచమేసినం. ఎన్నడు లేంది ఆమె గ్లాసు నిండ నీళ్లు తాగింది. "మస్తు సల్లగున్నయి బిడ్డా, బాయి నీళ్లా?" అన్నది. క్యాన్ నీళ్లని చెప్పలేకపోయిన. కొన్నాళ్లకు ఆ మంచంలనే నిద్రల పానం ఇడిచింది. మా వాకిట్ల, మా పందిరి కింద పండవెట్టినం. ఆ ఒక్కటి మాత్రం నాకు తృప్తి.

దినాలయినంక పాత ఓనరమ్మ పలకరించనీకి వచ్చింది. మా జాగ సంగతి ఆమెకు ఏం తెల్వదు. గడప దాటి రెండడుగులేసి ఆగింది. గోడ పొంటి సుట్టు తిరిగొచ్చి కుర్చీల కూసున్నది. చాయ్ తాగినంత సేపు కాళ్లు ఎనుకకు జరుపుకుంటనే ఉన్నది. ఎందుకని నేను అడగలె. ఏం చెప్తదో నాకు తెలుసు.

ఈ ఇంట్లకెల్లి ఇగ మమ్మల్ని ఎవరూ ఎల్లగొట్టలేరు. మేం కూడ ఏడికీ పోలేం. అంత మొరం ఎటు పోయిందో నేను చెప్పలేను. దయ్యాలున్నయని ఇప్పటికీ ఒప్పుకోను. కానీ మొన్న ఊడుస్తుంటే మా ఆయన గడప కాడ నిలబడి, "రోజూ నడుమ ఎందుకు ఇడిచిపెడ్తున్నవ్?" అని అడిగిండు. నేను మొత్తం ఊడుస్తున్ననే అనుకుంటున్న. చీపురు ఆపి చూసిన. రూము నడుమల దుమ్ము గుండ్రంగ పేరుకొని ఉన్నది.