నాయిన వేసిన వేషం

మొన్న సిరిసిల్లల ఒక షూటింగు కాడ బంతిపూల వాసనకు నాయిన యాదికొచ్చిండు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మనోళ్లే మన బతుకుల మీద సినిమాలు తీసుడు షురూ చేసిన్రు. సాంచాల మీద బట్ట నేసే నాయినకు, ప్రాణం తీసుకున్న నేత కార్మికుని వేషం ఇచ్చిన్రు. బంతిపూల దండ వేసి పీనుగు లెక్క వాకిట్ల పండబెట్టిన్రు. నేను నిజమే అనుకొని మీద పడి ఏడ్చిన. డైరెక్టరు చప్పట్లు కొట్టిండు.

నాయిన లేచి నవ్విండు. "ఉత్తదే బిడ్డా. చానా రోజులకు మంచిగ నిద్ర పట్టింది."

అందరు నవ్విన్రు. అమ్మ నవ్వలే.

ఇంకో సినిమాకు పిలిచినా ఆమె పోనియ్యలే. నాయిన పగటిపూట జర కన్ను మూస్తే చాలు, "పో బిడ్డా, నాయినను లేపు" అని నన్ను తోలేది. నేను ఆట అనుకొని చక్కిలిగింతలు పెట్టేదాన్ని. గప్పట్ల మా గల్లీల సాంచాల కార్మికులు నిజంగనే ప్రాణాలు తీసుకున్నరని పెద్దయినంక సమజైంది.

నాయిన విసుక్కుంట లేచి కూసునేదాక, అమ్మ ఇంటి కడప కాడ నిలవడి చూసేది.